సోమ, బుధ, శుక్రవారాల హాజరు

పాలు అమ్మే ఇంట్లో దగ్గు వినపడకూడదు. పెళ్ళయి పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఉండి కూడా నాకా సంగతి దగ్గు వచ్చాకే తెలిసింది.

మాది లాల్‌దర్వాజా. ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలు, ఇంటి ముందు అరుగు మీద పాల క్యాన్లు. తెల్లవారకముందే మా అత్తమ్మ రాజమ్మ ఆ క్యాన్ల వెనక పీట వేసుకుని కూర్చుంటుంది. మా ఆయన యాదగిరి ఇల్లిల్లూ తిరిగి పాలు పోసి వస్తాడు. నేను పాల పనికి పెద్దగా అక్కరకు రాను. ఇంటర్ చదివాను, తెలుగు టైపు వచ్చు, కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ మూడింటిలో రెండోది నచ్చి ఛత్తాబజార్‌లో పెళ్ళి పత్రికలు వేసే సేట్ నన్ను డీటీపీ పనికి పెట్టుకున్నాడు. మూడోదాన్ని భరించాడు.

ఇదంతా తగ్గి ఏడాది దాటాక రాస్తున్నాను. తగ్గిందని చాటుకోవడానికి కాదు. నేను చేసిన పనికిమాలిన పని ఇంకెవరూ చేయకూడదని, నన్ను ఒడ్డున పడేసిన వాళ్ళకు ఒకసారి దండం పెట్టుకుందామని.

2007 ఎండాకాలం

దగ్గు ఏ రోజు మొదలైందో చెప్పలేను. మామిడికాయ పచ్చడి పెట్టే రోజుల్లో కారం ఘాటుకు ఇంట్లో అందరం దగ్గాం. అందరిదీ ఆగింది, నాది ఆగలేదు. అత్తమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది. మందుల షాపతను తియ్యటి సిరప్ ఇచ్చాడు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారేసరికి చెమటతో జాకెట్ తడిసేది. ఆ జాకెట్లే మెల్లగా వదులయ్యాయి. షాపుకు పత్రిక రాయించుకోవడానికి వచ్చిన ఒకామె, "మస్తు సన్నబడ్డవ్ అక్కా, ఏం తింటున్నవ్?" అని అడిగింది. నేను మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

ఒకరోజు షాపులో దగ్గితే రుమాలు మీద ఎర్రటి చార కనపడింది. రుమాలు మడిచి నడుములో దోపుకున్నాను. చేతిలో ఉన్న పత్రిక కంపోజ్ చేసి, ప్రూఫు ఇచ్చి, అప్పుడు ఇంటికి వెళ్ళి మా ఆయనకు చూపించాను. భయం వేస్తే చేతిలో పని పూర్తి చేయడం నా అలవాటు.

పెద్ద దవాఖాన చుట్టూ నాలుగు రోజులు తిరిగాం. అక్కడి బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కొంగో, రుమాలో, దుపట్టానో నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తుంటారు. నా పక్కనున్న ఒక ముసలాయన మాత్రం నేను ఆయాసపడటం చూసి లేచి నిలబడ్డాడు. "ఇటు జరుగు బిడ్డా, ఈడ పంఖా గాలి తగుల్తది" అన్నాడు. ఆయన నా కంటే ఎక్కువ దగ్గుతున్నాడు. ఆయన పేరు అడగలేదు నేను. అప్పటికి నాకింకా మనుషుల్ని పేరడిగి తెలుసుకునే ఓపిక రాలేదు.

డాక్టరు చూసి చెప్పాడు. "టీబీ. ఆరు నెలలు మందులు వాడితే పూర్తిగా తగ్గుతుంది. మధ్యలో ఆపితే మాత్రం తర్వాత ఈ మందులకు లొంగదు." ఆ రెండో మాట నా చెవిన పడలేదు. మొదటి మాట దగ్గరే ఉండిపోయాను.

ఇంటికి రాగానే అత్తమ్మ తలుపు దగ్గరికి వేసింది. "ఈ ముచ్చట ఈ గడప దాటొద్దు. టీబీ ఉన్న ఇంట్ల పాలు ఎవలు తీస్కుంటరు? పొద్దుగాల ఇరవై మంది నిలబడే తావుల ఒక్కడు నిలబడడు" అంది.

"నిమోనియా అని చెప్దాం" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా జబ్బుకు కూడా మీరే పేరు పెడతారా అని లొల్లి చేశాను. కానీ అత్తమ్మ చెప్పింది అబద్ధం కాదు. మా ఇంట్లో ఐదుగురి బతుకు ఆ అరుగు మీదే ఉంది. నాకు తొమ్మిదేళ్ళ కూతురు శ్రావణి ఉంది, కాలు నొప్పితో మంచం పట్టిన మామయ్య ఉన్నాడు. చివరికి నేనే ఊరుకున్నాను. శ్రావణికి ఎక్స్‌రే తీయించాం. దాని ఛాతీ శుభ్రంగా ఉందని చెప్పిన రోజు నేను దవాఖాన మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఆ రోజు నుంచి అది నానమ్మ పక్కన, నేను మిద్దె మీది గదిలో. నాకో పళ్ళెం, నాకో గ్లాసు. రెండు మూడు వారాల మందులు పడ్డాక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పినా అత్తమ్మ గ్లాసు కలపనివ్వలేదు.

బోనాల నెల

మందులిచ్చే సెంటరు మా దగ్గర్లోనే ఒకటుంది. మేము జహనుమా వైపు ఉన్న సెంటరులో రాయించుకున్నాం, మా గల్లీ వాళ్ళెవరూ అటు రారని. మా ఆయన నన్ను మెయిన్ రోడ్డు దగ్గర బండి మీద నుంచి దింపి, దూరంగా నిలబడేవాడు.

అక్కడ మందులిచ్చే ఆమె నూర్జహాన్ ఆపా. యాభై ఏళ్ళుంటాయి. మొదటి రోజు ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. "ఇగో చూడు బేటా, నీ పేరు రాసిన. ఆరు నెలల గోలీలు మొత్తం దీంట్లనే ఉన్నయ్. ఈ డబ్బా నీది. ఇంకొకలకు ఇయ్యం. నువ్వు రాకపోతే గిది గిట్లనే నీ కోసం కూసుంటది" అంది.

మొదటి రెండు నెలలు సోమ, బుధ, శుక్రవారాలు అక్కడికి వెళ్ళి, ఆపా కళ్ళముందు ఏడు మాత్రలు మింగాలి. తర్వాతి నాలుగు నెలలు వారానికి ఒక్కసారే వెళ్ళాలి. సోమవారం మాత్రలు ఆపా ఎదుట వేసుకుని, బుధ, శుక్రవారాలవి ఇంటికి తెచ్చుకోవాలి. మళ్ళీ సోమవారం ఖాళీ షీటు ఆమె చేతిలో పెట్టాలి. షీటు ఖాళీగా ఉంటే మాత్రలు కడుపులోకి వెళ్ళినట్టు లెక్క. ఆ లెక్క నమ్మకం మీద నడుస్తుంది.

షాపుకు నిమోనియా అని కబురు పంపాం. సేట్ మర్నాడే మా ఇంటికి వచ్చాడు. మూలపడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఆటోలో వేయించుకొచ్చాడు. "ఏమైందో నేను అడుగ. చేతులు మంచిగున్నయ్ కదా? ఇంట్ల కూసొని కంపోజ్ చెయ్" అని మా ఆయన చేత మిద్దె మీదికి ఎక్కించాడు. ఇంట్లో ఫోన్ లైన్ ఉంది కాబట్టి ఇంటర్నెట్ కూడా వచ్చింది.

అంతకు కొన్ని నెలల ముందే తెలుగు బ్లాగుల సంగతి నాకు తెలిసింది. షాపులో మేము టైపు చేసే తెలుగు ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే కనపడుతుంది. మరో దాంట్లో తెరిస్తే అన్నీ పిచ్చిగీతలు. బ్లాగుల్లో తెలుగు ఎక్కడ తెరిచినా తెలుగులాగే ఉంటుంది. అది చూసి ముచ్చటపడి ఒకటి మొదలుపెట్టి వదిలేశాను. మిద్దె మీద ఏమీ తోచక మళ్ళీ తెరిచి, దానికి 'మిద్దె మీద నుంచి' అని పేరు పెట్టాను. అండాలు అన్న నా పేరు పెట్టలేదు.

లాల్‌దర్వాజా బోనాలకు అత్తమ్మ బోనం ఎత్తింది. పక్కన నడవాల్సిన కోడలు మిద్దె మీద ఉంది. నా కిటికీకి సగం వరకు మా మిద్దె పిట్టగోడ అడ్డం. అందుకని ఊరేగింపులో తలల పైన ఉన్నవే నాకు కనపడ్డాయి. వేపాకులు కట్టిన బోనాలు, వాటి మీద దీపాలు, గాల్లో ఊగే కొరడా, ఏనుగు మీద ఘటం. మోసేవాళ్ళు కనపడలేదు. నేను చూసింది చూసినట్టు రాశాను. మనుషులు లేకుండా బోనాలు వాటంతట అవే నడిచి వెళ్ళాయని రాశాను.

మర్నాటికి దాని కింద ఒక కామెంటు వచ్చింది. రాసినాయన తన పేరు 'విశ్రాంత గుమాస్తా' అని పెట్టుకున్నారు. "అమ్మాయ్, పైవి మీరు చెప్పారు. కిందివి నేను చెబుతాను. నలభై ఏళ్ళ క్రితం కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆ గల్లీలోనే అద్దెకున్నాను. పసుపు పూసిన పాదాలు, వాటి కింద నీళ్ళు చల్లిన నేల. వేడికి కాళ్ళు కాలకుండా మా ఇంటి యజమానురాలు బిందెలతో నీళ్ళు కుమ్మరించేది" అని రాశారు. ఆ కింద మల్లేశ్ అనే అతను, బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పనిచేస్తాడట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు: "అక్కా, ఆ బోనాల మీద పెట్టే గిన్నెలు మా దుకాణంలవే. నేను అమ్మినయ్ గుర్తుపట్టిన."

అలా ఒక పద్ధతి ఏర్పడింది. మిద్దె మీద నుంచి కనపడింది నేను రాయడం, కనపడనిది వాళ్ళు కామెంట్లలో పూరించడం. గాలిపటం ఎగిరిందని నేను రాస్తే, దాని దారం ఎవరి చేతిలో ఉండి ఉంటుందో నలుగురు నాలుగు రకాలుగా రాసేవారు. పోస్టు నేను గంటలో రాసేదాన్ని. కామెంట్లకు జవాబులు రాయడానికి పూటంతా పట్టేది. ఎవరినీ పేరు పెట్టి పలకరించకుండా వదల్లేదు. తిన్నారా, మీ పాపకు జ్వరం తగ్గిందా, ఆ గిన్నె అమ్ముడైందా. కిందటి నెల దాకా మనుషులంటే విసుక్కునేదాన్ని నేనేనా అనిపించేది. నా కూతురు మెట్ల కింద నిలబడి "అమ్మా" అని పిలిచి వెళ్ళిపోయే రోజులవి. ఆ కామెంట్లు లేకపోతే నాకు పిచ్చెక్కేది.

ఒకరోజు గుమాస్తా గారు అడిగారు. "అన్నీ పై నుంచే చూస్తున్నారు. ఒకసారి కిందికి దిగి చూడరేం?"

కాలు విరిగిందని టైపు చేశాను. కొట్టేశాను. నిమోనియా అని టైపు చేశాను. అదీ కొట్టేశాను. ఆ తర్వాత వేళ్ళే రాశాయి: "నాకు టీబీ. అందుకే దిగను." పోస్టు చేసి కంప్యూటర్ కట్టేసి, మర్నాడు మధ్యాహ్నం దాకా దాని దగ్గరికి వెళ్ళలేదు.

తెరిస్తే ముప్పై దాకా కామెంట్లు. కొందరు ఆ రోజు నుంచి రావడం మానేశారు. ఉన్నవాళ్ళు మాత్రం ఇంకా దగ్గరికి జరిగారు. "కంప్యూటర్‌కెళ్ళి అంటదు కదా అక్కా? అంటినా ఫికర్ లేదు, నేను నెట్ సెంటర్ల ఉన్న" అని మల్లేశ్ రాస్తే రెండు నెలల్లో మొదటిసారి పకపకా నవ్వాను. గుమాస్తా గారు మాత్రం నవ్వులాటకు రాలేదు. "ముప్పై మూడేళ్ళు మా ఆఫీసులో హాజరు పట్టీ నా చేతిలో ఉండేది. ఆఫీసరు ఆలస్యంగా వచ్చినా వదల్లేదు. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రలు వేసుకోగానే మీరు ఒక్క ముక్క రాయండి. మేమంతా కింద హాజరు వేస్తాం" అని రాశారు.

అంతే. మిద్దె మీద ఆ ఆచారం మొదలైంది. నేను "వేసుకున్నాను" అని రాసేదాన్ని. కింద వరసగా "హాజరు", "హాజరు", "హాజర్ అక్కా". వాళ్ళ మధ్య అజ్ఞాత అనే పేరుతో ఎవరో ప్రతిసారీ రెండే మాటలు రాసేవారు: "నేను కూడా." హాజరునే ఆ మనిషి అలా చెబుతున్నారనుకున్నాను.

కార్తీకం

దసరాకు ముందే నేను కిందికి దిగాను. తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు. దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, జాకెట్లు మళ్ళీ బిగువయ్యాయి. శ్రావణి ఒళ్ళో కూర్చుని దిగనంది. గ్లాసు మాత్రం అత్తమ్మ అప్పుడూ కలపలేదు, నేను కలిపేశాను.

కార్తీకంలో ముహూర్తాలు మొదలై, మళ్ళీ వెళ్తున్న షాపులో ఊపిరి సలపని పని. మందులేమో రెండో దశకు వచ్చాయి. వారానికి రెండు రోజులు ఇంట్లోనే వేసుకోవాలి. వేసుకున్న రోజంతా కడుపులో తిప్పుతుంది. వధూవరుల పేర్లు టైపు చేస్తూ నోట్లో కొంగు కుక్కుకోవాల్సి వచ్చేది. అత్తమ్మ చూసి, "తక్కువైంది కదనే, ఇగ ఎందుకా వేడి గోలీలు? కడుపు ఖరాబ్ అయితది" అంది. ఆమె మీదికి నెట్టడానికి చెప్పడం లేదు. నాకు కావాల్సిన మాట ఆమె నోట్లోంచి వచ్చింది, అంతే.

ఒక బుధవారం షాపులోంచే అలవాటుగా "వేసుకున్నాను" అని రాశాను. ఇంటికి వెళ్ళి వేసుకోవచ్చనుకున్నాను. వేసుకోలేదు. శుక్రవారమూ అంతే. సోమవారం ఆపాకు ఖాళీ షీటు ఇవ్వాలి కదా. కొట్టం వెనక నిలబడి మాత్రలు ఒక్కొక్కటే నొక్కి తీసి మోరీ నీళ్ళలో వేశాను. షీటు ఖాళీ అయింది. ఆపా తీసుకుని పెట్టెలో పెట్టుకుంది. అబద్ధం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. నాకు సిగ్గు కూడా వేయలేదు, హాయిగా ఉంది.

అలా నాలుగు వారాలు. ఎనిమిదిసార్లు "వేసుకున్నాను" అని రాశాను. ఎనిమిదిసార్లు వాళ్ళు శభాష్ అన్నారు. గుమాస్తా గారు నా హాజరు మీద పొగుడుతూ ఒక పద్యం కూడా కట్టారు.

నాలుగో శుక్రవారం అజ్ఞాత రెండు మాటలు కాకుండా పెద్ద కామెంటు రాసింది.

"అక్కా, ఇన్నాళ్ళూ నేను కూడా అని రాస్తుంటే హాజరు వేస్తున్నాననుకున్నారేమో. నేనూ అవే మాత్రలు వేసుకుంటున్నాను. మీరు మొదలుపెట్టిన వారమే మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరికీ తెలీదు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. రోజూ టైపింగ్ క్లాసుకని వచ్చి నెట్ సెంటర్‌లో కూర్చుంటాను. ఇంటికిచ్చిన మాత్రలు గుప్పిట్లో పెట్టుకుని మీ పోస్టు కోసం చూస్తాను. మీరు వేసుకున్నారని చూశాక మింగుతాను. ఈ నెల మాత్రం మానేద్దామని ప్రతిసారీ అనిపిస్తోంది, కడుపులో అంత తిప్పుతోంది. మీకూ ఇలాగే ఉందా? ఎలా ఓర్చుకుంటున్నారు?"

షాపులో ఉన్నాను. సేట్ ప్రూఫు అడుగుతున్నాడు. నాకు వినపడటం లేదు. నేను మోరీలో పడేసిన ఆ నాలుగు వారాలూ ఎక్కడో ఒక పిల్ల నా మాట మీద ఏడు మాత్రలు గుటకలు వేస్తూ కూర్చుంది. నిజం చెబితే ఆమె ఆపేస్తుంది. చెప్పకపోతే నా అబద్ధాన్ని పట్టుకుని ఆమె ఎన్నాళ్ళు నడుస్తుంది? డాక్టరు చెప్పిన రెండో మాట, ఆ రోజు నా చెవిన పడని మాట, అప్పుడు వినపడింది. మందులకు లొంగని జబ్బు నాకొక్కదానికే వస్తే నా ఖర్మ. నన్ను చూసి ఇంకొకరు తెచ్చుకుంటే?

పుష్యమాసం లోపు

సోమవారం మా ఆయనతో, "ఇయ్యాల నువ్వు గూడ లోపలికి రా" అన్నాను. ఎందుకని అడగకుండా వచ్చాడు. ఆపా ముందు ఖాళీ షీటు పెట్టి అంతా చెప్పాను. ఆమె ఆ షీటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు ఈ ఖాళీ షీట్లు దేనికి బేటా?" అంది చివరికి. "ఇవి జమ చేసి నేనేం చేస్కోవాలె? నీ మొకం చూసి నమ్మిన నేను." తిట్టినా బాగుండేది. ఆమె కళ్ళు తుడుచుకుని నా పెట్టె తీసింది.

మళ్ళీ పరీక్ష, మళ్ళీ ఆ బెంచీ. ఫలితం వచ్చేదాకా మూడు రోజులు అన్నం సహించలేదు. మా ఆయన ఈసారి రోడ్డు మీద నిలబడలేదు, నా పక్కనే కూర్చున్నాడు. "మిద్దె మీదికి ఎక్కిచ్చినం, కిందికి దించినం. గోలీలు ఏస్కున్నవా అని ఒక్కనాడు అడుగలే అండాలూ" అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన అంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు. అదృష్టం కొద్దీ పరీక్షలో ఏమీ లేదు. పోగొట్టుకున్న ఎనిమిదీ చివర్లో కలిపి పూర్తి చేయాలన్నారు. ఇకపై ఒక్కటి కూడా తప్పకూడదన్నారు.

ఆ రోజే బ్లాగులో రాశాను. ఏ తేదీల్లో అబద్ధమాడానో ఎనిమిదీ వరసగా రాశాను. మోరీ సంగతి కూడా దాచలేదు. "చెల్లీ, నీకు కడుపులో తిప్పడం నాకు తెలుసు. కానీ ఓర్చుకున్నది నువ్వు, నేను కాదు. దయచేసి ఆపకు" అని ముగించాను.

ఒకరు "ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళను చేశారు" అని రాసి వెళ్ళిపోయారు. అది నిజం. గుమాస్తా గారు ఒకరోజు ఆగి రాశారు. "దొంగ హాజరు. నా సర్వీసులో ఇలాంటివి పట్టుకున్నాను గాని, పద్యం కట్టడం ఇదే మొదలు. పద్యం వెనక్కి తీసుకుంటున్నాను. మిమ్మల్ని తీసుకోవడం లేదు. సోమవారం కనపడండి." మల్లేశ్, "అక్కా, మా అమ్మ గూడ బీపీ గోలీలు గిట్లనే పడేస్తది. దొరికిచ్చుకున్న" అని రాశాడు.

అజ్ఞాత ఏమీ రాయలేదు. సోమవారం నేను వేసుకుని రాశాను, ఆమె లేదు. బుధవారం లేదు. శుక్రవారం లేదు. ఇప్పుడు ఇంట్లో నాకు కాపలా గట్టిగానే ఉంది. బుధ, శుక్రవారాలు అత్తమ్మ నీళ్ళు తెచ్చి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడి, "ఏదీ, నోరు తెరువ్" అని బర్రె పళ్ళు చూసినట్టు చూసేది. ఆమె తెచ్చిన గ్లాసు ఇంట్లో అందరూ తాగేదే. అది నేను గమనించాను, ఆమెతో అనలేదు. కానీ నాకు ఏ సంతోషమూ అంటడం లేదు. ఊరు తెలియదు, పేరు తెలియదు. ఆ పిల్లను వెతకడానికి నాకు దారి లేదు. తప్పు నాది, ప్రాణం ఆమెది. రోజుకు పదిసార్లు పేజీ తెరిచేదాన్ని.

పదకొండో రోజు, సోమవారం. నేను సెంటరు నుంచి వచ్చి కంప్యూటర్ తెరిచేసరికి, నా కంటే ముందే పాత పోస్టు కింద ఒక కామెంటు ఉంది.

"నేను వేసుకున్నాను. మీరు?"

దాని కిందే ఇంకొకటి. "చాలా కోపం వచ్చింది. మిమ్మల్ని తిడుతూ పేజీలు టైపు చేసి కొట్టేశాను. మానేద్దామని మాత్రలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను కూడా. అప్పుడొకటి తట్టింది. మీరు మానేసిన ఎనిమిది రోజులూ నేను వేసుకున్నాను. అంటే మీరు లేకుండానే వేసుకున్నాను కదా. అది తెలిశాక మానబుద్ధి కాలేదు. ఇప్పుడు నేనే ముందున్నాను. ఇక నుంచి నేను ముందు రాస్తాను. మీరు నా వెనక వేసుకోండి."

ఆ రోజు నుంచి అలాగే జరిగింది. ఆమె పొద్దున్నే వచ్చి రాసేది. నేను ఆమె తర్వాత రాసేదాన్ని. ఒకసారి పన్నెండు దాటినా నేను రాయకపోతే, "అక్కా, ఎక్కడ?" అని గద్దించింది. నా కంటే పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది. నా కోపం సంగతి తెలిసినవాళ్ళెవరూ నమ్మరు గాని, ఆమె గద్దిస్తే నాకు ప్రాణం లేచి వచ్చేది.

2008

చలి తగ్గే రోజుల్లో, ఒక సోమవారం, ఆమె మందులు అయిపోయాయి. పరీక్షలో ఏమీ లేదట. కామెంట్లలో పండగ చేశాం. గుమాస్తా గారు కొత్త పద్యం కట్టారు, ఈసారి విచారించి మరీ కట్టానని రాశారు. నాకు ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి. ఆమె ఇక రాదనుకున్నాను. రావాల్సిన పని కూడా లేదు. హాయిగా వెళ్ళి బతకమని మనసులో దీవించుకున్నాను.

బుధవారం పొద్దున ఆమె కామెంటు ఉంది. "మాత్రల్లేవు. గ్లాసెడు మంచినీళ్ళు తాగాను. మీ వంతు."

నా ఎనిమిదింటికీ ఆమె వచ్చింది. శుక్రవారం వచ్చింది, సోమవారం వచ్చింది. మూడోసారికి మల్లేశ్ కూడా నీళ్ళు తాగి వచ్చాడు, దుకాణంలో గిరాకీలను నిలబెట్టి మరీ తాగాడట. గుమాస్తా గారు షుగరు మాత్ర వేసుకునే నీళ్ళు చెల్లుతాయా అని అడిగి, చెల్లుతాయన్నాక హాజరు వేసుకున్నారు. నేను మా అత్తమ్మ ఎదుట నోరు తెరిచి చూపించి, మెట్లెక్కి వచ్చి, "వేసుకున్నాను" అని రాసేదాన్ని. నేను రాసిన మాటల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు. అది నిజమో కాదో చూసేవాళ్ళు ఎవరూ లేరు. నేను నిజమే రాశాను.

మా అరుగు మీద ఇప్పటికీ నాకు వచ్చింది నిమోనియానే. అత్తమ్మ ఆ మాట మార్చలేదు, నేను మార్చమనలేదు. కానీ ఈ మధ్య పాలకు వచ్చిన ఒక కోడలు పిల్ల ఆగకుండా దగ్గుతుంటే, అత్తమ్మ ఆమెను పక్కకు పిలిచి జహనుమా వైపు సెంటరుకు దారి చెప్పడం నేను విన్నాను. పాలు కూడా పోసింది.

నా చివరి రోజు శుక్రవారం. ఏడు మాత్రలూ ఒకదాని తర్వాత ఒకటి మింగాను. మా ఆయన, శ్రావణి, అత్తమ్మ ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. మెట్లెక్కి వెళ్ళి కంప్యూటర్ తెరిచాను. ఎప్పటిలాగే ఆమె నా కంటే ముందు వచ్చి ఉంది. ఈసారి అజ్ఞాత అని లేదు. తన పేరు పెట్టుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను, అది ఆమెది. కింద ఇలా రాసింది:

"ఇవాళ నెట్ సెంటర్‌కు సీసా తెచ్చుకోలేదు అక్కా. ఇంట్లోనే తాగి వచ్చాను. ఈ వేళకు ఈ నీళ్ళేంటే, మూడు వారాలుగా నువ్వు సీసా నింపుకుపోవడం చూస్తున్నానని మా అమ్మ అడిగింది. మొత్తం చెప్పాను. అమ్మ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ నింపి ఇచ్చింది."